దుకాణం లెక్కలు ఎక్కడ ఉంచాలి: సొంత కంప్యూటరా, క్లౌడా, రెండూనా?

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరులో మా చిన్నాన్న రొయ్యల మేత దుకాణంలోకి మోకాటి లోతు నీళ్లొచ్చాయి. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నెల్లూరులో ఉన్న నేను ఏరు దాటి అక్కడికి చేరేసరికి మూడో రోజైంది. మేత బస్తాలు తడిసి ఉబ్బిపోయాయి. ఎన్ని పోయాయో లెక్కపెట్టి, ఇంత నష్టం అని రాసుకున్నాం. కంప్యూటర్ మాత్రం బల్ల కింద, నేల మీద ఉండిపోయింది. దాని బ్యాకప్ తీసిన హార్డ్ డిస్క్ అదే బల్ల అడుగు సొరుగులో ఉంది. రెండూ ఒకే బురదలో మునిగాయి. మూడేళ్ల అరువు పద్దులు పోయాయి.

మేత వ్యాపారం అరువు మీదే నడుస్తుంది. రైతు గుంటలో రొయ్య పిల్ల వదిలిన రోజు నుంచి పట్టుబడి అయ్యేదాకా బస్తాలు తీసుకెళ్తూనే ఉంటాడు, సరుకు అమ్మాకే డబ్బు కడతాడు. ఆ మూడు నాలుగు నెలలూ దుకాణదారుడి ఆస్తి మొత్తం పద్దుల్లోనే ఉంటుంది. చిన్నాన్న జ్ఞాపకం మీద, రైతుల నిజాయితీ మీద చాలావరకు వసూలైంది. రానిది రాలేదు. డిస్కును ఆ సొరుగులో పెట్టింది నేనే కాబట్టి ఆ బాధ నాకింకా ఉంది.

తరువాత ఒకరోజు చిన్నాన్న అడిగాడు. "అమ్మాయ్, అందరూ క్లౌడు క్లౌడు అంటున్నారే, అందులో పెట్టుంటే మనకిది తప్పేదా?"

తప్పేదే. అయితే నెల్లూరులో, ఒంగోలులో దుకాణాలకు లెక్కలు రాసే పనిలో ఉన్నాను కాబట్టి, క్లౌడ్‌లో పెట్టి కూడా లెక్కలు అందక తిప్పలు పడ్డవాళ్లను ఆ తరువాత చూశాను. క్లౌడా, సొంతమా అని అడిగేముందు ప్రతి వ్యాపారీ వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఏ లెక్క పోతే నా వ్యాపారం ఆగిపోతుంది? దాని రెండో కాపీ ఎక్కడుంది? దాన్ని తెరిచే తాళం ఎవరి చేతిలో ఉంది? ఈ మూడూ తెలిస్తే ఏ దారి మంచిదో దాదాపు తేలిపోతుంది.

క్లౌడ్ అంటే అసలేంటి

ఒంగోలు వైపు శనగ రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. శనగలు ఇంట్లో పోసుకుంటే అద్దె లేదు, అర్ధరాత్రి కూడా తీసుకోవచ్చు, కానీ పురుగు, తేమ, ఎలుక భారం తనదే. కోల్డ్ స్టోరేజీలో పెడితే ఆ భారం వాళ్లది. రశీదు ఇస్తారు, నెలల లెక్కన అద్దె కట్టాలి, వెనక్కి తెచ్చుకోవాలంటే బండి కిరాయి పడుతుంది. ధర కోసం ఎదురుచూస్తూ ఏళ్ల తరబడి ఉంచితే అద్దె పెరిగి సరుకు విలువనే తినేస్తుంది. క్లౌడ్‌లో కూడా ఇవన్నీ ఉన్నాయి. మన ఫైళ్లు, మన సాఫ్ట్‌వేర్ వేరేవాళ్ల పెద్ద కంప్యూటర్ గోదాముల్లో ఉంటాయి. వాటినే డేటా సెంటర్లు అంటారు. మనం ఇంటర్నెట్ ద్వారా అక్కడికి చేరుకుని వాడుకుంటాం, వాడుకున్నంతకు డబ్బు కడతాం.

వ్యాపారంగా ఇది బలపడింది 2006 నుంచి. అమెజాన్ సంస్థ ఆ సంవత్సరం మార్చిలో ఫైళ్లు దాచుకునే జాగాను, ఆగస్టులో కంప్యూటర్ శక్తిని అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఈ గోదాములు మనకు దూరమేమీ కాదు. మైక్రోసాఫ్ట్‌కు చెన్నై, పుణె, ముంబైలలో 2015 నుంచి ఉన్నాయి. అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి ఉన్నాయి. గూగుల్ 2017లో ముంబైలో, 2021లో ఢిల్లీలో తెరిచింది.

మీకు తెలియకుండానే మీరు ఇప్పటికే క్లౌడ్‌లో ఉన్నారు. జీమెయిల్, ఫోన్‌లోని ఫొటోలు, ప్రభుత్వం 2015లో తెచ్చిన డిజీలాకర్, అన్నీ అవే. గూగుల్ ఉచితంగా ఇచ్చే జాగా 15 జీబీ. మెయిళ్లు, ఫొటోలు, ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ అన్నీ కలిపి అందులోనే పట్టాలి. 2021 జూన్‌కు ముందు ఫొటోలకు పరిమితి లేని ఉచిత జాగా ఉండేది, ఆ తరువాత తీసేశారు. రెండేళ్లు ముట్టుకోని ఖాతాను తుడిచేసే నియమం కూడా ఇప్పుడుంది. ఉచితంగా దొరికే జాగాకు షరతులు ఎప్పుడైనా మారతాయి కాబట్టి దుకాణం లెక్కలకు దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దని నా సలహా.

క్లౌడ్ రకాల గురించి పుస్తకాల్లో మూడు పేర్లు చెబుతారు. ఖాళీ కంప్యూటర్ అద్దెకివ్వడం ఒకటి, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు పనిముట్లతో సహా ఇవ్వడం ఒకటి, తయారైన సాఫ్ట్‌వేర్‌నే అద్దెకివ్వడం ఒకటి. మధ్యదానితో మన దుకాణాలకు పనిలేదు. మిగిలిన రెండూ, సొంత కంప్యూటరూ, వీటిని కలిపి వాడుకోవడమూ, ఈ నాలుగు దారుల్లోనే మన ఎంపిక.

సొంత కంప్యూటర్

దీన్ని పాతకాలపు పద్ధతని తీసిపారేయడం తప్పు. ఇంటర్నెట్ ఫైబర్ తీగ తెగినా బిల్లు ఆగదు. డబ్బు ఒక్కసారే పెడతాం. పెద్ద ఫైళ్లు క్షణంలో తెరుచుకుంటాయి. లైసెన్సు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్‌లో పాత లెక్కలు చూసుకోవడానికి నెలనెలా ఎవరికీ కట్టనక్కర్లేదు. ఒకే కౌంటర్, ఒకే గుమాస్తా ఉన్న చిన్న దుకాణానికి ఇది చాలు, బ్యాకప్ విషయంలో క్రమశిక్షణ ఉంటేనే.

ఆ చివరి మాట దగ్గరే అందరం దెబ్బతింటాం. రోజూ కాపీ తీయాలి. తీసిన కాపీ ఆ గదిలో ఉండకూడదు, వీలైతే ఆ ఊళ్లోనే ఉండకూడదు. డిస్కును కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చిన రోజు బ్యాకప్‌కు కూడా తాళం పడుతుంది. రెండు మూడు కంప్యూటర్లు కలిపి నడిపే సర్వరు ఉంటే కరెంటు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 150 వాట్ల యంత్రం రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 108 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా 970 పైచిలుకు. యూపీఎస్ బ్యాటరీ కొన్నేళ్లకోసారి మార్చాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి ఆ యంత్రాన్ని పైకెత్తి పెట్టే మనిషి కూడా ఉండాలి.

నెలవారీ ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్

జోహో బుక్స్ లాంటివి ఈ రకం. మీరు కొనేదేమీ ఉండదు. పేరు నమోదు చేసుకుని, పాస్‌వర్డ్ పెట్టుకుని ఫోన్‌లోనైనా బిల్లు వేసుకోవచ్చు. కొత్త పన్ను రేటు వస్తే దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని కంపెనీది. అల్లూరు వైపు గుంటల దగ్గరకు వెళ్లిన మీ అబ్బాయి అక్కడే డెలివరీ రాస్తే మీరు దుకాణంలో చూడవచ్చు. వరదొచ్చి కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కుని లాగిన్ అయితే చాలు. మా చిన్నాన్నకు ఆ రోజు కావలసింది సరిగ్గా ఇదే.

డబ్బు లెక్క చూద్దాం. నెలకు 1,000 రూపాయల ప్లాను అనుకుంటే 18% జీఎస్టీతో 1,180. ఐదేళ్లకు 70,800. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి ఆ పన్నును క్రెడిట్‌గా తీసుకుంటే, అంటే తను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుంటే, నికరంగా 60,000. క్లౌడ్‌కు వెళితే కంప్యూటర్ ఖర్చు మిగులుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. నిజానికి దుకాణంలో ఏదో ఒక కంప్యూటర్, ప్రింటర్, ఇంటర్నెట్ ఎలాగూ ఉండాల్సిందే. మిగిలేది సర్వరు ఖర్చు, మరమ్మతుల టెన్షన్. సర్వరే లేని చిన్న దుకాణానికి క్లౌడ్ వల్ల ఖర్చు పెరుగుతుంది, తగ్గదు. పెరిగిన ఆ డబ్బుకు భద్రత, ఎక్కడినుంచైనా చూసుకునే వీలు కొనుక్కుంటున్నామని తెలిసి కట్టాలి.

ఇక లోపాలు. ఇంటర్నెట్ పోతే బిల్లు ఆగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌కు ఫైబర్ కంపెనీది కాని ఇంకో కంపెనీ సిమ్ ఒకటి ఉంచుకోవాలి, సొరుగులో కాగితపు బిల్లు పుస్తకం ఒకటి ఉండాలి. ఏటా రేటు పెంచితే మీరు బేరమాడలేరు. ఇక వదిలేద్దాం అనుకున్నప్పుడు మీ లెక్కలన్నీ వేరే సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో ఇస్తారా అనేది మొదటిరోజే చూసుకోవాలి. పద్దుల జాబితా ఒక్కటే ఎక్సెల్‌లో వస్తే చాలదు. ప్రతి వోచరూ, తేదీతో, పేరుతో, వెనక్కి రావాలి.

ఒంగోలులో నేను లెక్కలు చూసే ఒక శనగల కమీషన్ వ్యాపారి సంగతి చెప్పాలి. ఖాతా తెరిచింది ఆయన గుమాస్తా, తన సొంత ఫోన్ నంబరుతోనే. ఆ అబ్బాయి ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లి నంబరు మార్చేశాడు. కొన్నాళ్లకు సంవత్సరం చందా అయిపోయి, మళ్లీ కట్టబోతే ఓటీపీ ఆ పాత నంబరుకు పోతోంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి మెయిళ్లు పెట్టి, దుకాణం కాగితాలు పంపి, ఖాతా చేతికొచ్చేసరికి ఎనిమిది రోజులు. మధ్యలో నెలవారీ జీఎస్టీ రిటర్ను గడువు, 20వ తేదీ, దాటిపోయింది. ఆ రిటర్ను (జీఎస్టీఆర్-3బీ) ఆలస్యానికి రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద వడ్డీ పడ్డాయి. ఆయన డేటాకు ఏమీ కాలేదు, ఎక్కడో భద్రంగా ఉంది. తెరవడానికి తాళమే లేదు. కోవూరులో సొరుగు, ఇక్కడ సిమ్ కార్డు. రెండు చోట్లా యంత్రాన్ని తప్పుపట్టడానికి లేదు.

అద్దె సర్వరులో మీ టాలీ

టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌కు అలవాటుపడిన గుమాస్తాలు దాన్ని వదలరు. వదలమనడం కూడా అన్యాయమే, వాళ్ల చేతివేగం అంతా అందులోనే ఉంది. అలాంటివాళ్లకోసం అదే టాలీని డేటా సెంటర్‌లోని కంప్యూటర్‌లో పెట్టి, మనిషికింతని నెల అద్దెకు ఇచ్చే కంపెనీలున్నాయి. మనిషికి 700 అనుకుంటే ముగ్గురికి నెలకు 2,100, ఐదేళ్లకు 1,26,000. టాలీ లైసెన్సు ఖర్చు వేరు. నెల్లూరులో ఆఫీసు, కావలిలో బ్రాంచి, ఇంటి దగ్గర యజమాని, ముగ్గురూ ఒకే పద్దు చూడాలంటే ఇది బాగుంటుంది. ఒకే చోట ఒకరే పనిచేసే దుకాణానికి మాత్రం దండగ.

ఇక్కడ ఒక జాగ్రత్త. నేరుగా పెద్ద కంపెనీ దగ్గర కాకుండా మధ్యలో అద్దెకు తీసుకుని మనకు అద్దెకిచ్చే చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి. వాళ్లు బాగానే చూసుకుంటారు కానీ, వాళ్లు వ్యాపారం మూసేస్తే మీ పద్దులు ఎవరి దగ్గర అడగాలో ముందే తెలియాలి. రోజువారీ బ్యాకప్ మీ చేతికి కూడా ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకోండి.

డబ్బు మిగుల్చుకుందామని కొందరు టాలీ డేటా ఫోల్డర్‌నే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి రెండు చోట్ల నుంచి వాడుతున్నారు. దయచేసి అలా చేయకండి. పని జరుగుతున్న ఫైలును డ్రైవ్ మధ్యలో పైకి పంపుతుంటే, ఇంకోచోట ఇంకొకరు అదే ఫైలు తెరిస్తే లెక్క పాడవుతుంది. టాలీ మూసేశాక తీసిన బ్యాకప్ ఫైలును మాత్రమే డ్రైవ్‌కు పంపాలి.

ఇంకో పొరపాటు కూడా దీని పక్కదే. డ్రైవ్‌తో జత కట్టిన ఫోల్డర్‌ను బ్యాకప్ అనుకుంటారు. కంప్యూటర్‌లో ఫైలు తుడిచేస్తే డ్రైవ్‌లోనూ తుడిచిపోతుంది. చెత్తబుట్టలో 30 రోజులుండి ఆ తరువాత పోతుంది. మార్చిలో తుడిచేసిన పద్దు జూన్‌లో ఆడిట్ అప్పుడు గుర్తొస్తే అక్కడ ఏమీ ఉండదు.

పెద్ద కంపెనీల దగ్గర కూడా పోతుందా

ఈ ప్రశ్న వేసేవాళ్లకు ధైర్యం చెప్పి పంపడం నాకిష్టం లేదు. జరిగినవి చెబుతాను.

2021 మార్చిలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ భవనం తగలబడింది. వేరే చోట కాపీ పెట్టుకోని ఖాతాదారుల డేటా బూడిదైంది. 2024 మేలో ఆస్ట్రేలియాలో 6 లక్షలకు పైగా సభ్యులున్న యూనిసూపర్ అనే పింఛను నిధి ఖాతా గూగుల్ క్లౌడ్‌లో పొరపాటున తుడిచిపోయింది. రెండు చోట్ల ఉంచిన కాపీలు కూడా ఆ ఖాతాతోపాటే పోయాయని అప్పట్లో చెప్పారు. విడిగా, వేరే కంపెనీ దగ్గర కూడా, బ్యాకప్‌లు పెట్టుకోవడం వల్ల మళ్లీ నిలబడ్డారు. 2025లో మన దీపావళి రోజు, అక్టోబరు 20న, అమెజాన్ వాళ్ల వర్జీనియా కేంద్రంలో చిరునామాలు చూపే వ్యవస్థ తప్పి ప్రపంచమంతా ఎన్నో యాప్‌లు గంటలపాటు ఆగిపోయాయి. ఇది ఫైళ్లు పోయిన సమస్య కాదు, కానీ ఆ గంటల్లో వాటిని నమ్ముకున్నవాళ్ల పని సాగలేదు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గోదాముల్లో మంటలు ఆర్పే ఏర్పాట్లు, రెండేసి కరెంటు లైన్లు, జనరేటర్లు, రాత్రంతా కాపలా ఉంటాయి. అమెజాన్ తన నిల్వ సేవలో ఒక్కో ఫైలును మామూలుగా ఒకే ప్రాంతంలోని కనీసం మూడు వేర్వేరు చోట్ల ఉంచుతుంది. ఏ మేత దుకాణమూ, ఏ గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసూ ఇంత చేసుకోలేదు. కాబట్టి ఒక కాపీ క్లౌడ్‌లో ఉంచడం మంచిదే. ఉన్న ఒకే ఒక్క కాపీని క్లౌడ్‌లో ఉంచడం మంచిది కాదు. ఈ పని తెలిసినవాళ్లు పాటించే కొలత మూడు, రెండు, ఒకటి. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఊరవతల.

చట్టం కూడా దీన్ని అడుగుతుంది. జీఎస్టీ ఉన్నవాళ్లు లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కంప్యూటర్‌లో ఉంచేవాళ్లు, ప్రమాదం జరిగినా ప్రకృతి వైపరీత్యం వచ్చినా తిరిగి తెచ్చుకోగలిగేలా బ్యాకప్ పెట్టుకోవాలని జీఎస్టీ నిబంధనల్లో 57వ నిబంధన చెబుతోంది. వరద వచ్చిందన్న మాట ఆఫీసులో చెప్పుకోవచ్చు గానీ, ఆ నిబంధన వరదను ముందే ఊహించి రాసిందే. కంపెనీ చట్టం కింద రిజిస్టరైన ప్రైవేట్ లిమిటెడ్‌లు ఇంకా జాగ్రత్త పడాలి. 2022 ఆగస్టులో మారిన నియమాల ప్రకారం లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్లలో రోజూ పడాలి. లెక్కలు ఎనిమిదేళ్లు ఉంచాలి. విదేశీ సాఫ్ట్‌వేర్ కొనేముందు డేటా ఏ దేశంలో ఉంటుందని అడగడం వాళ్లకు ఐచ్ఛికం కాదు.

ఎవరికి ఏది

చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారుకు నేను మొహమాటం లేకుండా క్లౌడే చెబుతాను. బ్లాక్ గెలాక్సీ పలకల ఫొటోలు విదేశంలో కొనేవాడు చూడాలి, ఫ్యాక్టరీలో కొలతలు రాసేవాడు ఒకచోట, బిల్లు చేసేవాడు ఒంగోలులో, కంటైనరు చూసే ఏజెంటు రేవులో. ఒకే కాగితం నలుగురు నాలుగు చోట్ల చూడాల్సిన పనికి సొంత కంప్యూటర్ సరిపోదు.

నెల్లూరు పొగతోటలోని స్కానింగ్ సెంటర్‌కు మాత్రం రెండూ కావాలి. స్కాన్ బొమ్మలు పెద్దవి, డాక్టరు గదిలో వెంటనే తెరుచుకోవాలి, అందుకు లోపల సొంత యంత్రం ఉండాలి. రాత్రికి దాని కాపీ క్లౌడ్‌కు వెళ్లాలి. రోగుల వివరాలు కాబట్టి 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గుర్తుపెట్టుకుని, ఎవరెవరు చూడగలరో పేరుపేరునా పెట్టుకోవాలి. నలుగురూ ఒకే పాస్‌వర్డ్ వాడే అలవాటు ఇక్కడ అస్సలు కుదరదు.

ప్రైవేటు స్కూలుకు ఫీజుల సాఫ్ట్‌వేర్ నెలవారీదే మేలు. అందులో పెద్దగా ఆలోచించాల్సిందేమీ లేదు.

ఎక్కువగా ఆలోచించాల్సింది పెళ్లి ఫొటో స్టూడియోల వాళ్లు. నన్ను అడిగినవాళ్లలో క్లౌడ్ అని ఉత్సాహంగా వచ్చి లెక్క చూశాక వెనక్కి తగ్గింది వీళ్లే, తగ్గడం సరైనదే. రెండు కెమెరాలతో తీసిన ఒక పెళ్లి 400 జీబీ అయిందనుకుందాం. మీ కనెక్షన్ పైకి పంపే వేగం 20 ఎంబీపీఎస్ అయితే అది ఎక్కడానికి ఆపకుండా 44 గంటలకు పైగా పడుతుంది. కిందికి దిగే వేగం చూసి మోసపోకండి, ప్లాను కాగితం మీద పెద్దక్షరాల్లో ఉండేది సాధారణంగా అదే. పైకి పంపే వేగమెంతో విడిగా అడగండి. ముహూర్తాల కాలంలో 40 పెళ్లిళ్లు చేస్తే 16,000 జీబీ. అమెజాన్ ముంబై కేంద్రంలో మామూలు నిల్వకు జీబీకి నెలకు రెండున్నర సెంట్ల లెక్కన వేస్తే నెలకు 400 డాలర్లు. ఇది దాచడానికే. ఒక పెళ్లి మొత్తం వెనక్కి దించుకుంటే ఇంకో 30 డాలర్లు పైన పడుతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి బండి కిరాయి అన్నాను కదా, అదే ఇది. అరుదుగా తీసేవాటికి చాలా చౌక నిల్వలు కూడా ఉన్నాయి. కానీ వాటిలో కొన్నింట్లో ఫైలు బయటికి రావడానికి 12 గంటలు, ఒక్కోసారి అంతకు మించి కూడా పట్టవచ్చు, తీసినప్పుడు విడిగా ఛార్జీ ఉంటుంది.

అందుకని స్టూడియోకు నా సలహా ఇది. మొత్తం ముడి వీడియో రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి. ఒకటి స్టూడియోలో, రెండోది అత్తగారి ఊళ్లోనో స్నేహితుడింట్లోనో. ఎడిట్ చేసిన సినిమా, ఎంపిక చేసిన ఫొటోలు మాత్రం క్లౌడ్‌లో పెట్టండి. పెళ్లివాళ్లు మళ్లీ వచ్చి అడిగేవి ఎక్కువగా అవే. ముడి వీడియో ఎన్ని నెలలు ఉంచుతారో అడ్వాన్సు తీసుకునే రోజే కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి.

చేరేముందు అడగాల్సినవి

అమ్మకానికి వచ్చిన కుర్రాడిని టీ ఇచ్చి కూర్చోబెట్టి ఇవి అడగండి. నా డేటా ఏ ఊళ్లో, ఏ కంపెనీ యంత్రాల్లో ఉంటుంది? నేను డబ్బు కట్టడం ఆపితే ఎన్ని రోజులు ఉంచుతారు? చూడటానికైనా తెరుచుకుంటుందా, లేక పూర్తిగా మూసేస్తారా? మొత్తం డేటాను నేనే, మీ సాయం లేకుండా, దించుకోగలనా? ఇప్పుడే ఒక నమూనా దించి చూపించు. పొరపాటున తుడిచేస్తే ఎన్ని రోజుల వెనక్కి తెచ్చిస్తారు? రెండో ఏడాది రేటు ఎంత? ఆదివారం ఫోన్ చేస్తే ఎవరైనా ఎత్తుతారా?

అన్నింటికీ నోటిమాటగా "అవునండీ" అంటే ఒప్పుకోకండి, మెయిల్‌లో రాసి పంపమనండి. రాసి పంపడానికి వెనకాడితే ఆ కంపెనీని వదిలేయండి.

మీవైపు నుంచి చేసుకోవాల్సినవి కూడా ఉన్నాయి. ఖాతా యజమాని పేరు మీద, యజమాని నంబరుతో, దుకాణం మెయిల్‌తో ఉండాలి. గుమాస్తాకు విడిగా లాగిన్ ఇవ్వాలి, మానేసిన రోజే తీసేయాలి. పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ కూడా అడిగేలా పెట్టుకోవాలి. ఓటీపీ రాని పరిస్థితిలో వాడే అత్యవసర కోడ్‌లు కొన్ని సేవల్లో ఇస్తారు. వాటిని కాగితం మీద అచ్చు తీసి, ఇంటి పత్రాలతోపాటు బీరువాలో పెట్టండి.

చిన్నాన్న దుకాణంలో చివరికి నాలుగో దారే, అంటే కలిపి వాడుకోవడమే, పట్టాం. బిల్లులు, అరువు పద్దులు నెలవారీ ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ప్రతి శనివారం దుకాణం కట్టేముందు మొత్తం డేటాను కిందికి దించి హార్డ్ డిస్కులో వేస్తాం. ఇవి రెండున్నాయి, వంతులవారీగా వాడతాం. ఈ వారం రాసింది దుకాణంలో మేడ మీది గదిలో ఉంటే, పోయిన వారంది కావలిలో మా అత్త ఇంట్లో ఉంటుంది. ఆ వైపు సరుకు బండి వెళ్లేటప్పుడు డ్రైవరు మార్చుకొస్తాడు. ఓటీపీ చిన్నాన్న నంబరుకు వస్తుంది, రెండో నంబరుగా పిన్నిది ఇచ్చాం. ఇరవై ఏళ్లుగా ఆమె నంబరు మార్చలేదు.

మూడు నెలలకోసారి ఒక ఆదివారం నేను కోవూరు వెళ్తాను. కావలి నుంచి వచ్చిన డిస్కును నా ల్యాప్‌టాప్‌కు తగిలించి, చిన్నాన్నను ఏదో ఒక రైతు పేరు చెప్పమంటాను. ఆ రైతు పద్దు డిస్కులో తెరిచి, ఆన్‌లైన్‌లో ఉన్నదాంతో బస్తా బస్తా కలిపి చూస్తాం. పోయినసారి విడవలూరు రైతు పేరు చెప్పాడు. 62 బస్తాలు, రెండు చోట్లా ఒకటే. అది చూశాకే భోజనానికి లేచాం.